నేల మీద రైలంటే నామోషీ

ఆంధ్రప్రదేశ్‌లో ఒక ఊరు పెద్దదయిందనడానికి గుర్తు కుళాయిలో నీళ్లు రావడం కాదు, కాలువలో మురుగు పోవడం కాదు. ఆ ఊరి పేరున మెట్రో డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక) రావాలి. రైలు రావాలన్న నియమమేమీ లేదు. డీపీఆర్ ఒకటుంటే ప్రభుత్వం మారినప్పుడల్లా తిరగరాసుకోవచ్చు.

విశాఖకూ, విజయవాడ-గుంటూరు-తెనాలి ప్రాంతానికీ మెట్రో సాధ్యమో కాదో ఏడాదిలోగా పరిశీలించాలని 2014 నాటి పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూలులోనే రాశారు. విజయవాడకు ఢిల్లీ మెట్రో సంస్థ 2015లో నివేదిక ఇచ్చింది. 2017లో కేంద్రం కొత్త మెట్రో విధానం తెచ్చేసరికి పాత కాగితాలు చెల్లలేదు. తర్వాత లైట్ మెట్రో అన్నారు. 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం మళ్లీ కొత్త డీపీఆర్లకు ఆమోదం తెలిపింది: విశాఖ తొలి దశకు 46.23 కిలోమీటర్లు, రూ.11,498 కోట్లు, విజయవాడకు 38.4 కిలోమీటర్లు, రూ.11,009 కోట్లు. పదేళ్లలో ఇంత దూరం ప్రయాణించింది ఫైలు ఒక్కటే, అదీ టికెట్ లేకుండా.

పెద్ద నగరాల గతే ఇదైతే హిందూపురం మాటేమిటి? టీ అంగళ్ల దగ్గర వింటే బెంగళూరు నమ్మ మెట్రో ఎప్పుడో దేవనహళ్లి దాటి కొడికొండ చెక్‌పోస్టు దాకా వచ్చేసింది! కోయంబత్తూరు, మదురై మెట్రో ప్రతిపాదనలను కేంద్రం 2025 నవంబరులో వెనక్కి పంపింది. 20 లక్షల జనాభా లేదన్నది అది చూపిన కారణాల్లో ఒకటి. 2011 లెక్కల్లో హిందూపురం జనం లక్షన్నర, ధర్మవరం లక్షా ఇరవై వేల పైచిలుకు. మిగిలిన పదిహేడు లక్షల మందిని ఎక్కడి నుంచి అప్పు తెస్తారో మెట్రో అభిమానులే చెప్పాలి.

ఇందులో అసలు వేడుక ఏమిటంటే, హిందూపురం, పెనుకొండ, ధర్మవరాలను కలిపే రైలు పట్టాలు మీటర్ గేజ్ కాలం నుంచీ అక్కడే ఉన్నాయి. యలహంక నుంచి పెనుకొండ దాకా ఇప్పుడు జంట లైను, పైన కరెంటు తీగలు. పెనుకొండ నుంచి ధర్మవరానికైతే రెండు దారులు: పాతది ఒకటి, 2000లో తెరిచిన పుట్టపర్తి దారి ఇంకొకటి. మెట్రోకు భూసేకరణ, స్తంభాలు, విదేశీ అప్పు కావాలి. ఇక్కడ కావలసింది మరికొన్ని మెములు, అంటే దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే కరెంటు రైళ్లు. ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, వాటిలోనూ చాలావాటికి ఒక కొస బెంగళూరే. ధర్మవరంలో మగ్గం సామాను కొనేవాడూ, హిందూపురం కాలేజీకి పోయే పిల్లా ఆ లెక్కలో ఎక్కడా కనపడరు.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 2019లో కార్లు తయారుచేయడం మొదలుపెట్టింది. ఏటా మూడు లక్షల కార్లు తీయగల ఫ్యాక్టరీ అది. ఆ కార్లు పెనుకొండ స్టేషనులో గూడ్సు ఎక్కి దర్జాగా దేశం చూడబోతాయి. వాటికి బోల్టులు బిగించిన కుర్రాళ్లు మాత్రం నలభై నాలుగో నంబరు హైవే మీద కంపెనీ బస్సులోనో, మోటారు సైకిలు మీదనో, షేర్ ఆటో అంచున ఒంటి తొడ మీదనో ఇంటికి పోతారు. కారుకు దొరికిన సీటు కార్మికుడికి దొరకలేదు.

అడుగుదామంటే ఎవరిని? హిందూపురం, పెనుకొండ స్టేషన్లు బెంగళూరు డివిజనువి, పెద్దాఫీసు హుబ్బళ్లిలో. ధర్మవరం జంక్షను గుంతకల్లు డివిజనుది. జిల్లా కేంద్రం పుట్టపర్తి. రాజధాని అమరావతి. ఎనభై కిలోమీటర్ల దారికి ఇంతమంది పెద్దలుంటే, పొద్దున ఆరు గంటల షిఫ్టుకు బండి వేసే బాధ్యత ఎవరి మీదా పడదు. కర్ణాటక వాళ్ల కె-రైడ్ సంస్థ బెంగళూరు సబర్బన్ రైలును రాజానుకుంటె నుంచి గౌరీబిదనూరు దాకా పొడిగించాలని అడిగింది. దానికి రైల్వే ఒప్పుకోకపోవడం వేరే సంగతి, వాళ్లు అడగడమైతే అడిగారు. గౌరీబిదనూరు దాటితే హిందూపురమే. ఇవతలి నుంచి అంత గట్టిగా అడిగినవారెవరో వెతకాలి.

ఉన్న పట్టాల మీద ఊరి రైలు నడపడం మనకు తెలియని విద్యేమీ కాదు. హైదరాబాదులో రాష్ట్ర ప్రభుత్వం, రైల్వే చెరిసగం ఖర్చు పెట్టుకుని 2003లోనే ఎంఎంటీఎస్ నడిపించాయి. మెట్రో రావడానికి పద్నాలుగేళ్ల ముందు సంగతి. కాకపోతే ఎంఎంటీఎస్ నేల మీద పోతుంది, ఫ్లెక్సీ మీద మెట్రో అంత ఎత్తుగా కనబడదు.

ధర్మవరం-హిందూపురం మధ్య పొద్దునా సాయంత్రం షిఫ్టు వేళలకు రెండేసి మెములు, పెనుకొండ స్టేషను నుంచి ఫ్యాక్టరీ గేటుకు ఒక ఆర్టీసీ బస్సు: ఈసారి ఓట్లడగడానికి వచ్చినవారిని ఈ జిల్లావాళ్లు అడగాల్సింది ఇదే. రైళ్ల టైంటేబుల్ మార్చడానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం అక్కర్లేదు.