పూచీ

మా కొత్తపట్నంలో ఇంజను పాడవడానికి వాన పడక్కర్లేదు, సముద్రపు గాలి చాలు. సగం ఖాళీగా వదిలేసిన స్ప్రేయరు ట్యాంకులోకి ఆ తేమంతా దూరుతుంది. పెట్రోల్లో కలిపే ఇథనాల్ ఆ తేమను పీల్చుకుంటుంది. ఇక పట్టనంత అయ్యాక నీళ్లతో సహా పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి దిగుతుంది. ఇంజనుకు పెట్రోలు అందించే గొట్టం ఉండేదీ ఆ అడుగునే. 2021లో బంకు పెట్రోల్లో ఇథనాల్ పదోవంతు దాకా ఉండేది, ఇప్పుడు ఐదోవంతు. రిపేరు షాపు పెట్టిన ఇన్నేళ్లలో, అలా విడిపోయిన పెట్రోల్ని సీసాలోని మందు పోసి బాగుచేసినవాణ్ని నేను చూడలేదు. పారబోయాలి, ట్యాంకు కడగాలి, కార్బొరేటర్ విప్పి వెంట్రుక దూరేంత జెట్టు రంధ్రాన్ని ఊదాలి. గంటన్నర పని.

2021 కార్తీకంలో ఒక సాయంత్రం ఆ గంటన్నర నా దగ్గర లేకపోయింది.

మిరపకు నల్ల తామర పురుగు పట్టిన ఏడాది అది. మన దేశంలో 2015లో బెంగళూరు వైపు బొప్పాయి మీద మొదట కనిపించిన పురుగు, ఆ ఏడు గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప పూలల్లో కాపురం పెట్టింది. పువ్వు కోసి అరచేతిలో దులిపితే నల్లటి నలుసులు పాకేవి. పూత పూతగానే రాలిపోయేది. మూలన పడున్న స్ప్రేయర్లన్నీ నా గుమ్మం ముందుకొచ్చాయి.

ఒకే రోజు అన్నదమ్ములిద్దరూ వచ్చారు. ఒంగోలు అవతల పక్కపక్కనే చెరి రెండెకరాలు కౌలుకు చేస్తున్నారు.

తమ్ముడు పొద్దున్నే వచ్చాడు. అతని మిషను తీరుబడిగా చేశాను. ట్యాంకు కడిగాను, ఫిల్టరు మార్చాను, జెట్టు ఊదాను. లీటరు పెట్రోలుకు నలభై మిల్లీలీటర్ల టూటీ ఆయిలు ఎలా కలపాలో దగ్గరుండి చూపించాను. తాడు ఒక్కసారి లాగగానే అందుకుంది. ఆ శబ్దం విని నాకే ముచ్చటేసి అన్నాను: "ఈ సీజనంతా ఆగదు. పూచీ నాది."

అన్న చీకటి పడే వేళకొచ్చాడు. అప్పటికి ముందు ఆరు మిషన్లున్నాయి, పడవ ఇంజను ఒకటి విప్పి పడుంది. "పొద్దున్నే మందు కొట్టాలబ్బాయ్, ఏదోటి చెయ్యి" అన్నాడు. అరలోంచి సీసా తీసిచ్చాను. "పెట్రోలుకి మందు బాబాయ్. మూతెడు పోసి ఊపు, జిగురంతా కరిగిపోద్ది."

జిగురు కరుగుతుంది, నిజమే. కరిగిన మడ్డి ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. అడుగున నీళ్లుంటే ఆ మందు వాటినేమీ చెయ్యలేదనీ తెలుసు. తెలిసే డబ్బులు తీసుకున్నాను.

రెండో రోజు సాలు మధ్యలో మిషను ఆగిపోయింది. ఇంకాస్త పోస్తే లేస్తుందేమోనని ఆయన సగం సీసా వొంపేశాడు. విప్పి చూస్తే జెట్టు పూడిపోయింది, డయాఫ్రం రబ్బరు అప్పడంలా ఉబ్బింది. ఆ సామాను గుంటూరు నుంచి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. పురుగు పడ్డ రోజుల్లో స్ప్రేయరు అరువిచ్చేవాడెవడు? తమ్ముడి మిషను తమ్ముడి చేనుకే చాల్లేదు. చేతి పంపు మోసే వయసా ఆయనది! సామాను వచ్చిందని కబురు పెట్టినా మిషను తీసుకుపోవడానికి రాలేదు. సంక్రాంతికల్లా చేను పోయిందని విన్నాను.

ఆయన ఎదురుపడితే తల దించుకునేవాణ్ని. ఉగాది వెళ్లాక ఆయనే షాపుకొచ్చి బల్ల మీద కూర్చున్నాడు. ఇక దాచుకోలేకపోయాను.

"తప్పు నాది బాబాయ్. ఆ రోజు ట్యాంకు కడగాల్సింది, కడక్కుండా సీసా అంటగట్టాను. నీ చేను నా వల్లే పోయింది."

ఆయన కాసేపు మాట్లాడలేదు.

"చేను అందరిదీ పోయిందబ్బాయ్. కొట్టినోడిదీ పోయింది, కొట్టనోడిదీ పోయింది. మందు మీద మందు కొడితే తామర పురుగుని తినే పురుగులు చచ్చాయంట, అది మాత్రం చావలేదు. మిషన్లేదు గదా అని నేను మందులు కొనలేదు. కౌలు బాకీ ఒక్కటే మిగిలింది. రెండేళ్లు కష్టపడితే తీరుద్ది."

గుండెల మీంచి బరువు దిగినట్టయింది. టీ తెప్పించాను. తమ్ముడెలా ఉన్నాడని అడిగాను.

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"ఇరవై రెండు సార్లు కొట్టాడు, అంతా అప్పు మీదే. ఇల్లు అప్పులోళ్లకి రాసిచ్చి, పిల్లల్ని తీసుకుని హైదరాబాదు కూలికి పోయాడు. నువ్వు పూచీ ఇచ్చినట్టేనబ్బాయ్, ఆ మిషను ఒక్క పూటన్నా ఆగలేదు."