సున్నాకు కాపలా

2017 ఆగస్టు 26 రాత్రి లాస్ వేగాస్ రింగులోకి దిగిన ఇద్దరూ ఓటమి ఎరగని బాక్సర్లే. ఒకరు ఫ్లాయిడ్ మేవెదర్: ఆడినవి 49, గెలిచినవి 49. రెండోవాడు కోనర్ మెక్‌గ్రెగర్: ఆడినవి సున్నా, ఓడినవీ సున్నా. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లో మెక్‌గ్రెగర్ పెద్ద పేరే గానీ, ప్రొఫెషనల్ బాక్సింగులో అతనికి ఆ రోజే బోణీ. పదో రౌండులో రిఫరీ ఆట ఆపేశాడు, మేవెదర్ లెక్క 50–0 అయింది. 1956లో 49–0 దగ్గర గ్లోవ్స్ విప్పేసిన రాకీ మార్సియానోను దాటేశాడని లోకం చప్పట్లు కొట్టింది. అన్నీ చట్టబద్ధమే. నెవాడా అథ్లెటిక్ కమిషన్ అనుమతి ఇచ్చింది. అంతటితో ఆగకుండా, ఆ బరువుకు పది ఔన్సుల గ్లోవ్స్ వాడాలన్న తన నిబంధనను తానే పక్కనపెట్టి ఎనిమిది ఔన్సులవి వేసుకోనిచ్చింది. రికార్డు పుస్తకంలో ఈ గెలుపు పక్కన చిన్న చుక్క గుర్తు కూడా ఉండదు. పుస్తకానికి మొహమాటమేముంది?

అంకెతోనే గొప్పదనం తేలిపోతుందంటే నాకేమీ అభ్యంతరం లేదు, లెక్క సాంతం చేద్దాం. థాయ్‌లాండ్‌లో వాన్‌హెంగ్ మెనయోథిన్ అని ఒకాయన ఉన్నాడు. 105 పౌండ్ల తరగతిలో ఒకప్పటి డబ్ల్యూబీసీ చాంపియన్. 2018లో 51వ గెలుపుతో మేవెదర్‌ను దాటాడు, అక్కడితో ఆగక 54–0 దాకా వెళ్లాడు. 2020 నవంబరులో పన్యా ప్రదాబ్‌శ్రీ చేతిలో ఓడేవరకూ, అంకెల భక్తుల సొంత లెక్క ప్రకారం భూమ్మీద అతన్ని మించిన బాక్సర్ లేడన్నమాట. మరి 50–0 అని టోపీలు కుట్టించుకున్నవాళ్లు వాన్‌హెంగ్‌కు ఒక్క టోపీ అయినా కుట్టించారా? లేదు. ఆ పేరు వినగానే వాళ్ల నోటి నుంచి వచ్చే మొదటి ప్రశ్న, 'అయితే ఎవరి మీద గెలిచాడు?' ప్రశ్న బంగారంలాంటిది. థాయ్ బాక్సర్ దగ్గర అంత చురుగ్గా తట్టే ప్రశ్న అమెరికన్ దగ్గరికొచ్చేసరికి ఎందుకు గొంతులోనే ఆగిపోతుందన్నదే నా సందేహం.

ఎవరి మీద అన్నదొక్కటే చాలదు, ఎప్పుడు, ఎంత బరువు దగ్గర అని కూడా అడగాలి. ఈ మూడూ తేలేది రింగులో కాదు, అంతకు నెలల ముందు లాయర్లు కూర్చునే బల్ల దగ్గర. 2009 సెప్టెంబరులో మేవెదర్‌కు ఎదురొచ్చిన హువాన్ మాన్యుయెల్ మార్కెజ్ 135 పౌండ్ల తరగతి మనిషి. ఒప్పందం 144 దగ్గర కుదిరింది. తూకం రోజు మార్కెజ్ 142 తూగాడు, మేవెదర్ 146 తూగాడు. రెండు పౌండ్లు ఎక్కువ. ఆ రెండు పౌండ్లూ కరిగించే శ్రమ దేనికని పౌండుకు మూడు లక్షల డాలర్ల చొప్పున ఆరు లక్షలు జరిమానా చెల్లించి, హాయిగా పోటీకి దిగి, పన్నెండు రౌండ్లూ ఆడి గెలిచాడు. నాలుగేళ్లు తిరిగాయి. 2013లో ఎదురుగా కనెలో అల్వారెజ్, 23 ఏళ్ల కుర్రాడు, ఈసారి లావైనవాడు అవతలివాడే. అతని బెల్టు ఉన్నది 154 పౌండ్ల తరగతిలో, ఒప్పందంలో రాసింది మాత్రం 152. అవే రెండు పౌండ్లు! తన ఒంటి మీద ఉన్నప్పుడు డబ్బుతో పోయేవి, ఎదుటివాడి ఒంటి మీద ఉన్నప్పుడు చెమటతోనే పోవాలి. ఇక మానీ పాకియావ్‌తో పోటీ 2010 మార్చిలో జరగాల్సింది, రక్తపరీక్షల దగ్గర పీటముడి పడింది. ఆ ముడి విడేసరికి 2015 మే వచ్చింది. ఈలోపు పాకియావ్‌కు 36 ఏళ్లు నిండాయి, మార్కెజ్ చేతిలో ఆరో రౌండులో బోర్లా పడి నాకౌట్ కూడా అయ్యాడు. ముడి వేసింది ఒక్క పక్షమేనని నేననను. కానీ ముడి విడిన సమయం మాత్రం సున్నాకు భలే కలిసొచ్చింది. అమెరికాలో దాదాపు 46 లక్షల పే పర్ వ్యూ కనెక్షన్లు కొన్న జనం, ఐదేళ్లు నిలవ ఉన్న పోటీని కొత్త సరుకు ధరకే కొన్నారు. తన మీద నామినేషన్ ఎవరు వేయాలో, ఎప్పుడు వేయాలో అభ్యర్థే తేల్చుకునే పంచాయతీ ఎన్నికలో ఓటమి లేదని డప్పు కొడితే ఊళ్లో ఏమంటారో మనకు తెలియంది కాదు.

ప్రత్యర్థిని ఎంచుకునే వీల్లేని చోట మేవెదర్ ఎలా ఆడాడో చూడాలంటే 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు వెళ్లాలి. అక్కడ డ్రా ఎవరిని చూపిస్తే వాళ్లతోనే తలపడాలి. సెమీఫైనల్లో బల్గేరియా బాక్సర్ సెరాఫిమ్ టొడొరోవ్ 10–9తో గెలిచాడు. రిఫరీ అయితే పొరపాటున మేవెదర్ చేతినే పైకెత్తాడు. అమెరికా జట్టు ఫిర్యాదు చేసింది, ఫలితం మారలేదు, కాంస్యంతో సరి. అన్యాయం జరిగిందన్నవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్ల మాట కాదనడానికి నాకు కారణమేమీ కనిపించదు. అమెచ్యూర్ ఓటమి కాబట్టి ప్రొఫెషనల్ ఖాతాలోకి రాదు, అంతే. ఆ డ్రా ఎంత కఠినమైనదో మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌ను అడిగితే చెబుతుంది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్. అయినా 2024 పారిస్ ఒలింపిక్స్‌కు సీడింగ్ లేకుండా వెళ్లింది. రెండో బౌట్‌లోనే టాప్ సీడ్ వూ యు ఎదురైంది, 5–0తో ఇంటిదారి పట్టాల్సి వచ్చింది. ఈ చైనా అమ్మాయితో పోటీ ఇంకో ఐదేళ్లాగి పెట్టుకుందాం అని చెప్పడానికి అక్కడ బల్లా లేదు, లాయరూ లేడు.

ఇక్కడ అభిమానులు కోప్పడతారు. మేవెదర్‌కు ఆట రాదంటావా అని నిలదీస్తారు. అలా అంటే కళ్లు లేనట్టే. 2001 జనవరిలో, అప్పటికి ఓటమే ఎరగని డియేగో కొరాలెస్‌ను ఐదుసార్లు నేలకూల్చిన ఆ రాత్రి ఒక్కటి చాలు, మరో సాక్ష్యం అక్కర్లేదు. ఎడమ భుజం పైకెత్తి గడ్డాన్ని దాని చాటున దాచి, వచ్చిన గుద్దును భుజం మీంచి జార్చేసి, అదే ఊపులో కుడిచేత్తో బదులిచ్చే విద్య అతనికి వచ్చినట్టు ఇంకెవరికీ రాలేదు. నా వాదన అతని ఆట మీద కాదు, సున్నా మీద. 2002 ఏప్రిల్‌లో హోసే లూయిస్ కాస్టిలోతో పోటీ చూడండి. ముగ్గురు జడ్జీలూ మేవెదర్‌కే ఇచ్చారు. హెచ్‌బీఓలో లెక్క కట్టిన హెరాల్డ్ లెడర్‌మన్ మాత్రం కాస్టిలో గెలిచాడన్నాడు, చూసినవాళ్లలో చాలామందిదీ అదే మాట. జడ్జీల పెన్సిళ్లు కాస్త అటు మొగ్గి ఉంటే ఆ రోజే సున్నా గల్లంతు. అప్పుడు మేవెదర్ భుజం కిందికి దిగిపోయేదా? చేతివేగం తగ్గేదా? ఎనిమిది నెలలు తిరక్కుండా మళ్లీ కాస్టిలోకే ఎదురెళ్లి గెలవడమే అతని గొప్ప. 49–0 మార్సియానో కథా అంతే. 1950లో రోలండ్ లస్టార్జాతో పోటీలో ఇద్దరు జడ్జీలు చెరోవైపు ఒరిగారు, రిఫరీ లెక్కలో రౌండ్లు సమానమయ్యాయి, పాయింట్లు చూసి గెలుపు మార్సియానోకి కట్టబెట్టారు. అంత పలచటి గోడ మీద నిలబడింది ఆ మహా సున్నా.

అందరూ తమకు అనుకూలమైనవాళ్లనే ఎంచుకుంటారు, ఈ పాపం మేవెదర్ ఒక్కడిదేనా అన్నది రెండో అభ్యంతరం. కాదు, వ్యాపారమన్నాక బేరం ఉంటుంది. అయితే షుగర్ రే రాబిన్సన్ చేసిన బేరం చూడండి. 1943 ఫిబ్రవరి నాటికి 40 గెలుపులు, ఓటమి లేదు. డెట్రాయిట్‌లో తనకన్నా బరువైన జేక్ లమోటా చేతిలో ఓడాడు. తెలివైన మేనేజర్ ఉంటే ఏం చేయాలి? భుజం నొప్పనాలి, కొన్నేళ్లు ఆగాలి, బరువు తగ్గి రమ్మని లమోటాకు కబురు పెట్టాలి. రాబిన్సన్ మూడు వారాల్లో అదే ఊళ్లో అదే లమోటాతో మళ్లీ తలపడి గెలిచాడు. మొత్తం ఆరుసార్లు తలపడి ఐదు గెలిచాడు. నలభై దాటాక కూడా ఆడుతూ పోయి ఖాతా మూసేసరికి 19 ఓటములు మూటగట్టుకున్నాడు. అయినా బాక్సింగ్ తెలిసినవాళ్లు సర్వకాల శ్రేష్ఠుల జాబితా రాయడానికి కూర్చుంటే మొదట రాసే పేర్లలో అతనిది ఉంటుంది. ఆ 19 వాళ్లకు కనబడక కాదు.

అలాగని ఓడనివాళ్లంతా పిరికివాళ్లన్నానని ఎవరైనా పట్టుకుంటారేమో. అలెగ్జాండర్ ఉసిక్ ఉన్నాడుగా. ఈ ఉక్రెయిన్ బాక్సర్ లాట్వియా వాడైన బ్రీడిస్‌ను రీగాలో, రష్యా వాడైన గసీవ్‌ను మాస్కోలో, బ్రిటన్ వాడైన జాషువాను లండన్‌లో ఓడించాడు. గొడ్డళ్లు నూరుకుంటున్న ఇంటికి వెళ్లి మరీ గెలిచొచ్చాడన్నమాట. టెరెన్స్ క్రాఫర్డ్ 37 ఏళ్ల వయసులో రెండు తరగతులు పైకెక్కి, 2025 సెప్టెంబరులో 168 పౌండ్ల దగ్గర కనెలోను నెగ్గాడు. పై తరగతికి వెళ్లింది తానే, రెండు పౌండ్లు దిగిరమ్మని కనెలోకు చెప్పలేదు. వీళ్లూ సున్నాలే, కానీ పందెంలో పెట్టిన సున్నాలు. మేవెదర్ మాత్రం ప్రొఫెషనల్‌గా అమెరికా దాటి ఒక్క పోటీ ఆడలేదు. 2007 నుంచి 50వ గెలుపు దాకా లాస్ వేగాస్ కూడా దాటలేదు.

50 నిండాక ఆ అంకెను బ్యాంకు లాకర్లో పెట్టి ఎగ్జిబిషన్ పోటీల్లోకి దిగాడు. 2018 డిసెంబరు 31న జపాన్‌లో తనకన్నా ఎంతో తేలికైన కిక్‌బాక్సర్ టెన్షిన్ నసుకావాను మొదటి రౌండులోనే మూడుసార్లు పడగొట్టాడు. 2021లో యూట్యూబర్ లోగన్ పాల్‌తో ఎనిమిది రౌండ్లు ఆడాడు. జడ్జీలు లేరు, విజేతను ప్రకటించలేదు, ఖాతాలో రాసుకునేదీ లేదు. టికెట్లకు మాత్రం అసలు రేటే వసూలు చేశారు.