చెట్టు పేరు చెప్పి స్పీడు అమ్ముకోవడం

మా ఇంటి కంప్యూటర్‌లో జమాఖర్చులు రాసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. పొద్దున్నే పాలకిచ్చిన 64 రూపాయలు అందులో రాసి ఎంటర్ కొడితే, ఆ 64 పద్దులోకి ఎక్కేలోపు పాలు కాగి, పొంగి, కాఫీగా మారి నా చేతికి వచ్చేసేవి. మా ఆవిడది గోడ కాలెండర్ పద్ధతి. తారీఖు గడిలో పెన్సిల్‌తో గీత గీస్తే పాలు, సున్నా చుడితే నీళ్ళ క్యాను, ఇంటూ కొడితే పనిమనిషి రాలేదని లెక్క. "మీరింకా పాల దగ్గరే ఉన్నారా? నేను ఇస్త్రీ దాకా వచ్చేశాను" అనేది వంటింట్లోంచి.

కంప్యూటర్ నెమ్మదించిందని నలుగురిలో అనకూడదు. నాకు ఆ సంగతి తెలియక అన్నాను. మోకాలు నొప్పి అంటే ఎంతమంది సలహాలిస్తారో దీనికి అంతకు రెట్టింపు మంది ఇస్తారు. కాకపోతే మోకాలికి సలహా చెప్పేవాడు కనీసం "ఏ మోకాలు?" అని అడుగుతాడు.

మొదట దిగినవాడు మా బావమరిది. ఆదివారం భోజనానికొచ్చి, తడిచెయ్యి తుడుచుకుంటూ కుర్చీ లాక్కుని, "ట్రీ కొట్టావా బావా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే విండోస్ మీటా ఆర్ మీటా కలిపి నొక్కాడు. మూలన చిన్న పెట్టె తెరుచుకుంది. అందులో టీ, ఆర్, ఈ, ఈ అని నాలుగక్షరాలు కొట్టి ఎంటర్. నల్లటి తెర ఒకటి గభాలున లేచింది. దాని మీద గీతలూ కొమ్మలూ పేర్లూ తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు కిటికీలోంచి కనబడే చెట్లలా పరుగెత్తాయి. ఠక్కున తెర మూసుకుపోయింది. మళ్ళీ కొట్టాడు. మొత్తం 5 సార్లు. అయిదే ఎందుకో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆ పైన డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్కు, రిఫ్రెష్. మళ్ళీ రైట్ క్లిక్కు, రిఫ్రెష్. హారతి కళ్ళకద్దుకున్నట్టు మూడుసార్లు. "ర్యామ్ మొత్తం ఫ్రెష్ అయిపోయింది, ఇప్పుడు చూసుకో" అని లేచి పెరుగన్నం నిద్రకు వెళ్ళిపోయాడు.

చూసుకున్నాను. వాడు లేచేసరికి నేను పాల దగ్గరే ఉన్నాను.

ట్రీ అనేది డాస్ కాలం నాటి ఆదేశం. ఏ ఫోల్డర్‌లో ఏ ఫోల్డర్ ఉందో కొమ్మలూ రెమ్మలూ గీసి చూపించడమే దాని పని. చూపించి ఊరుకుంటుంది. దేన్నీ తుడవదు, దేన్నీ సర్దదు, ర్యామ్ వైపు కన్నెత్తి చూడదు. బీరువా తలుపు తీసి "పై అరలో పట్టుచీరలు, కింది అరలో దుప్పట్లు" అని గట్టిగా చదివి తలుపు వేసేస్తే బీరువా ఖాళీ అవుతుందా? అయినా నెట్ సెంటర్ల నుంచి కాలేజీ ల్యాబుల దాకా దీన్ని కొడుతూనే ఉన్నారు, పిల్లలకు నేర్పుతూనే ఉన్నారు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాణ్ణి చూశాం, ఇక్కడ కాయలు కూడా లేవు. మహత్యమంతా ఆ నల్లతెరలోనే ఉందని నా అనుమానం. సినిమాలో హ్యాకరు ముందు పరిగెత్తే అక్షరాలు చూసి చూసి, తెర మీద ఏదో కదిలితే లోపలేదో జరిగిందని మనకు అలవాటైపోయింది. ఇక రిఫ్రెష్ సంగతి. అది డెస్క్‌టాప్ మీది బొమ్మల్ని మరోసారి గీస్తుంది. అంతకుమించి దానికీ ఏ పాపమూ తెలియదు.

ఎదురు ఫ్లాటు కుర్రాడు బీటెక్ మూడో సంవత్సరం. వాడి వైద్యం ఇంకొంచెం శాస్త్రోక్తం. "అంకుల్, టెంప్, పర్సెంట్ టెంప్ పర్సెంట్, ప్రీఫెచ్. ఈ మూడూ డైలీ డిలీట్ చేయాలి." త్రికాల సంధ్యావందనంలా చెప్పాడు. మొదటి రెండూ పోనీండి, డిస్కులో కాస్త చోటన్నా మిగులుతుంది. మూడోదే ఘోరం. ప్రీఫెచ్ ఫోల్డర్ విండోస్ ఎక్స్‌పీతో 2001లో వచ్చింది. మీరు ఒక ప్రోగ్రాం తెరిచినప్పుడు మొదటి కొద్ది సెకన్లలో ఏయే ఫైళ్ళు కావాల్సొచ్చాయో అందులో రాసిపెట్టుకుంటుంది, రేపు అవి ముందే అందిద్దామని. అంటే వేగం కోసమే ఉన్నది. దాన్ని రోజూ చెరిపేయడం ఎలాంటిదంటే, మీరు హోటల్లో అడుగుపెట్టగానే "రెండిడ్లీ, అల్లం పచ్చడి, సాంబారొద్దు" అని గుర్తుపెట్టుకున్న సర్వర్‌ని ప్రతి రాత్రీ పనిలోంచి తీసేసి, పొద్దున కొత్తవాణ్ణి నిలబెట్టి, "ఇక్కడ సర్వీసు మరీ నెమ్మదండీ" అనడం లాంటిది.

వీళ్ళిద్దరూ ఉచితంగా చేశారు గనక క్షమించాను. డబ్బు తీసుకుని చేసేవాళ్ళ చరిత్ర చాలా పెద్దది. 1995లో అమెరికాలో సింక్రోనిస్ అనే కంపెనీ సాఫ్ట్‌ర్యామ్95 అనే సరుకు తెచ్చింది. ఇది వేసుకుంటే మీ ర్యామ్ రెట్టింపవుతుందని డబ్బా మీద రాసింది. జనం లక్షల్లో కొన్నారు. దాన్ని విప్పి చూసినవాళ్ళకు విండోస్ 95 మీద అది ర్యామ్‌ని పెంచడం మాట అటుంచి అసలు ఏ పనీ చేయడం లేదని తేలింది. వ్యవహారం అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాకా పోయింది. ఒక్క విషయంలో నాకు ఆ కంపెనీ మీద గౌరవమే. ఏ పనీ చేయని సాఫ్ట్‌వేర్ వల్ల ఏ నష్టమూ లేదు. దాని వారసులు అలా కాదు. "మెమరీ బూస్టర్" మీట నొక్కితే, నడుస్తున్న ప్రోగ్రాముల చేతిలోని సరుకంతా లాక్కుని డిస్కు మీదికి గెంటేసి, "ఇదిగో, ఇంత ర్యామ్ ఖాళీ!" అని పచ్చటి ముల్లు తిప్పి చూపిస్తాయి. మరుక్షణం మీరు జమాఖర్చులు తెరిస్తే ఆ సరుకంతా డిస్కు మీంచి మళ్ళీ మోసుకురావాలి. పీట మీద తరుగుతున్న కూరగాయల్ని మేడ మీదికి విసిరి, వంటిల్లు ఎంత శుభ్రంగా ఉందో చూడమంటే చూసి మురిసిపోయేవాళ్ళం ఉన్నాం కనకనే అవి బతుకుతున్నాయి.

చివరికి మా కాలనీ కంప్యూటర్ షాపు. అక్కడి అబ్బాయి సీపీయూ డబ్బా పక్కన తట్టి చూసి, పుచ్చకాయ కొనేటప్పుడు తట్టినట్టు, "ర్యామ్ పెంచాలి సార్" అన్నాడు. 8 జీబీ 16 అయింది, 2,100 రూపాయలు. (సీటీసీ కంప్యూటర్ బజార్లో అయితే రెండొందలు తగ్గేదని బావమరిది, డబ్బులిచ్చేశాక.) జబ్బు మాత్రం తగ్గలేదు. "వైరస్ ఉండొచ్చు సార్." ఉన్న యాంటీవైరస్ మీద ఇంకో యాంటీవైరస్, 800. ఒక గుమ్మానికి ఇద్దరు కాపలావాళ్ళు. వచ్చిన ప్రతి ఫైలునీ ఇద్దరూ తనిఖీ చేసి, ఒకర్నొకరు కూడా తనిఖీ చేసుకుని గానీ లోపలికి పంపరు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. అప్పుడు వచ్చింది మహామంత్రం: "ఫార్మాట్ కొట్టేద్దాం సార్." 500.

ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం సామెతలోనే ఉందనుకున్నాను. తగలబెట్టాం. ప్రింటరు డ్రైవరు పోయింది, తెలుగు కీబోర్డు పోయింది, బ్రౌజర్లో దాచుకున్న పాస్‌వర్డులు పోయాయి. కరెంటు బిల్లు కట్టే చోటుకి వెళ్ళే దారి కూడా పోయింది. జమాఖర్చుల సాఫ్ట్‌వేర్ మాత్రం రెండు రోజులు చిరుతపులిలా పరిగెత్తింది. మూడో రోజుకి మళ్ళీ కాఫీ వచ్చింది, పద్దు రాలేదు. షాపు అబ్బాయి దీనికీ తడుముకోలేదు: "పదకొండేళ్ళ డేటా కదా సార్, పాతదంతా తీసెయ్యండి."

ఇక్కడ నాకు కోపం వచ్చింది. మా నాన్న చిట్టా, ఆవర్జా రాసేవాడు. ఎర్రగుడ్డ అట్టల పుస్తకాలు, అటక మీద వరసగా. ఏ రోజూ చిట్టా రాయడం ఆలస్యమైందని పాత ఆవర్జాలు పొయ్యిలో పెట్టలేదు. సరే, కాగితం వేరు, యంత్రం వేరు అనుకుందాం. లెక్క చూద్దాం. రోజుకి 5 పద్దులు, ఏడాదికి 1,825, పదకొండేళ్ళకి 20,075. సెకనుకి వందల కోట్ల కూడికలు చేసే ప్రాసెసర్ ముందు ఇరవై వేల పద్దులు ఏపాటి? ఏనుగు వీపు మీద ఎండుటాకు. ఆకుని తీసేస్తే ఏనుగు పరిగెడుతుందని చెప్పేవాణ్ణి ఏనుగుల డాక్టరుగా మనం ఒప్పుకోం. కంప్యూటర్ల డాక్టరుగా ఒప్పుకుంటాం.

మరి ఈ వైద్యాలన్నీ ఇన్నేళ్ళుగా ఎలా నిలిచాయి? నాటు మందులో గుణమంతా పథ్యంలో ఉన్నట్టు, వీటి గుణమంతా చివరి వాక్యంలో ఉంది: "ఒకసారి రీస్టార్ట్ చెయ్యి." ట్రీ కొట్టి రీస్టార్ట్. టెంప్ తీసి రీస్టార్ట్. బూస్టర్ వేసి రీస్టార్ట్. పనిచేసింది రీస్టార్టు, పేరొచ్చింది చెట్టుకి. "నేను రోజూ రాత్రి ఆపేస్తాను కదా" అంటారేమో. నేనూ అన్నాను. 2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. అది ఆన్‌లో ఉన్నంతకాలం షట్ డౌన్ నొక్కితే విండోస్ పూర్తిగా పడుకోదు. లోపలి స్థితిని డిస్కు మీద మడిచిపెట్టి కునుకు తీస్తుంది, పొద్దున అదే మడత విప్పుతుంది. రీస్టార్ట్ నొక్కితేనే మొదటి నుంచి మొదలు. ఆ మధ్య చూస్తే నా కంప్యూటర్ లేచి 41 రోజులైందని అదే చెప్పింది. ఆ 41 రాత్రులూ నేను స్విచ్చి కూడా ఆపి, దుప్పటి కూడా కప్పాను.

ఎక్కడ చెప్పిందంటే టాస్క్ మేనేజర్లో. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే వస్తుంది. 1996లో విండోస్ ఎన్‌టీ 4.0 నుంచీ అక్కడే ఉంది. అప్పటి నుంచీ ఏ ప్రోగ్రాం ప్రాసెసర్‌ని ఎంత తింటోందో, ఎవరు ర్యామ్ ఎంత పట్టుకున్నారో వరసలు కట్టి చెబుతూనే ఉంది. ఇప్పటి విండోస్‌లో అయితే డిస్కుని ఎవరు తోముతున్నారో కూడా చూడొచ్చు. మా ఇంటికి వచ్చిన ముగ్గురు వైద్యుల్లో ఒక్కడూ ఈ నాడి పట్టలేదు. ర్యామ్ నిండిందో లేదో చూడకుండానే ర్యామ్ కొనిపించారు. ఆ రోజు పద్దు ఇరుక్కుపోయినప్పుడు విసుగొచ్చి నేనే తెరిచాను. ప్రాసెసర్ 6 శాతం. ర్యామ్ 30. డిస్కు 100, ఎర్రగా. ఆ గడి మీద క్లిక్కు చేస్తే పైకి తేలినవి మూడు: క్లౌడ్‌కి ఎక్కించే ప్రోగ్రాం, మొదటి కాపలావాడు, రెండో కాపలావాడు.

ఇక దాచడానికేమీ లేదు. తప్పు నాదే. లెక్కల సాఫ్ట్‌వేర్ అయిదు నిమిషాలకోసారి ఫైలంతా కొత్తగా రాస్తుంది, పాతదాన్ని తారీఖు తగిలించి పక్కన పెడుతుంది. ఆ పాత నకళ్ళు ఎన్నాళ్ళుంచాలో సెట్టింగుల్లో అడుగుతుంది. నెల చాలదా? నేను "ఎప్పటికీ" అని టిక్కు పెట్టాను, ఎందుకైనా మంచిదని. ఆ ఫోల్డర్‌ని క్లౌడ్‌లో కలిపాను, ఎందుకైనా మంచిదని. 9,412 నకళ్ళు, 4 జీబీ పైచిలుకు. నేను పాలు రాస్తే ఫైలు మారుతుంది, నకలు పుడుతుంది, ఇద్దరు కాపలావాళ్ళు దాన్ని తడుముతారు, క్లౌడువాడు జాబితా మొదటి నుంచి చదువుకుంటాడు. ఇదంతా నిమిషానికి 7,200 చుట్లు తిరిగే పాత హార్డ్ డిస్కు మీద. అది సెకనుకు ఓ వందసార్లకు అటూ ఇటూగా మాత్రమే ఒక చోటు నుంచి ఇంకో చోటుకి గెంతగలదు. ఫార్మాట్ తర్వాత రెండు రోజులు పరిగెత్తిందంటే, ఆ రెండు రోజులూ నేను క్లౌడు పాస్‌వర్డు గుర్తుతెచ్చుకుంటూ ఉన్నాను గనక. నిజంగా డబ్బు పెట్టదగ్గ వస్తువు ఎస్ఎస్‌డీ. ఆ మాట మాత్రం ముగ్గురిలో ఒక్కడి నోటా రాలేదు.

ఇంకొకటి కూడా బయటపడింది. సాఫ్ట్‌వేర్ తెరిచినప్పుడల్లా ఒక రిపోర్టు తనూ తెరుచుకుంటోంది, పదకొండేళ్ళ ఖర్చులన్నీ మొదటి నుంచి కూడి రంగుల చక్రం గీస్తూ. 2019లో బంగారానికి ఎంతయిందో మా ఆవిడకి నిరూపించడానికి తెరిచాను. నిరూపణ సాగలేదు. రిపోర్టు మూయడం మర్చిపోయాను. అయిదారేళ్ళుగా అది రోజూ పొద్దున్నే లేచి, ఎవరూ వినకపోయినా, బంగారం లెక్క చెబుతూనే ఉంది.

నకళ్ళు నెలకి కుదించాను, రెండో కాపలావాణ్ణి పంపించేశాను, చక్రం మూశాను. ఖర్చు సున్నా. ఎంటర్ కొడితే పద్దు పడుతోంది. బావమరిదికి ఫోన్లో చెబితే, "చూశావా బావా, ఆ రోజు కొట్టిన ట్రీ ఇప్పుడు పట్టింది" అన్నాడు.

మిగిలింది ఒక చిక్కే. ర్యామ్ 2,100, యాంటీవైరస్ 800, ఫార్మాట్ 500, వెరసి 3,400. ఏ పద్దు కింద రాయాలి? మరమ్మతులు అందామంటే మరమ్మతు జరగలేదు. వైద్యం అందామంటే రోగం తగ్గలేదు. కర్సరు మినుకుమంటూ ఎదురుచూస్తోంది. కాఫీ తెచ్చిన మా ఆవిడ భుజం మీంచి వంగి చూసి, "పూజా ఖర్చుల్లో వేసెయ్యండి" అంది. వేశాను. కాఫీ ఇంకా పొగలు కక్కుతోంది.