ఆడిస్తాడు గానీ ఆడడు

కొత్త ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు ముందేం చేస్తారు? వైఫై కలుపుకుంటారు, పిల్లల ఫొటో తెరమీద పెట్టుకుంటారు, ఈఎంఐ గుర్తొచ్చి నిట్టూరుస్తారు. మా బావ తీరు వేరు. లక్ష రూపాయలు పోసి కొన్న యంత్రాన్ని అట్టపెట్టెలోంచి తీసిన పూటే ముప్పై ఏళ్లు వెనక్కి తోశాడు. నల్లటి కిటికీ ఒకటి తెరిచి, ‘మౌంట్ సీ’ అంటూ ఏదో కొట్టి, నీలం తెరమీద పసుపు అక్షరాలు రాగానే కుర్చీలో వెనక్కి వాలి “వచ్చేసిందే!” అని వంటింట్లోకి కేకేశాడు. ఎవరో చుట్టాలు దిగారనుకుని మా అక్క చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది. వచ్చింది టర్బో సీ ప్లస్ ప్లస్.

మన రెండు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ చదివినవాళ్లకు ఆ నీలం తెరను పరిచయం చెయ్యక్కర్లేదు. ప్రోగ్రాములు రాసుకోవడానికి 1990ల మొదట్లో బోర్లాండ్ కంపెనీ అమ్మిన ఆ సరుకు, లోకం దాన్ని మర్చిపోయాక కూడా మన కాలేజీ ల్యాబుల్లో నిక్షేపంగా బతికింది. ఈలోగా 64 బిట్ విండోస్ వచ్చింది. పాత 16 బిట్ డాస్ ప్రోగ్రాముల్ని గుమ్మం తొక్కనివ్వనంది. సిలబస్సేమో మారనంది. వీళ్లిద్దరి మధ్యా రాజీ కుదిర్చింది డాస్‌బాక్స్ అనే ఎమ్యులేటర్. కొత్త విండోస్ నడిమధ్య చిన్న కిటికీలో పాత డాస్ కంప్యూటర్ని నిలబెట్టేస్తుంది. మా బావ అప్పట్లో ఒక కాలేజీలో ల్యాబ్ ప్రోగ్రామర్. ఒక్కో సిస్టంలో డాస్‌బాక్స్ ఎక్కిస్తూ పోయిన ఆ వేసవి సెలవుల్లోనే ఈ జబ్బు అంటుకుందని మా అక్క నిర్ధారణ. తర్వాత ఉద్యోగం మారినా జబ్బు మారలేదు.

“అసలిదేమిటి బావా?” అని మాత్రం ఆయన్ని అడక్కూడదు. అడిగితే కాఫీ చల్లారిపోతుంది. కానీ చెప్పడం బాగానే చెబుతాడు, ఒప్పుకోవాలి.

“హరికథ చూశావురా? దాసుగారు ఒక్కడే. రాముడూ ఆయనే, రావణుడూ ఆయనే, లంకకెగిరే హనుమంతుడూ ఆయనే. ఇదీ అంతే. పాత కంప్యూటర్లో ఉండే ప్రాసెసర్, బొమ్మవేసే చిప్పు, చప్పుడుచేసే చిప్పు, కీబోర్డు, అన్ని వేషాలూ ఒక్క ప్రోగ్రామే కడుతుంది. పాత ఆట ‘ఈ రెండంకెలు కూడు’ అని తనకొచ్చిన భాషలో అడుగుతుంది. ఎమ్యులేటర్ దాన్ని అందుకుని, ఈ కొత్త ప్రాసెసర్‌కి తెలిసిన ఆదేశాల్లోకి మార్చి చేయించి, జవాబు పాత పద్ధతిలోనే ఇస్తుంది. తను వేరే మెషీన్ మీదున్నానని ఆ ఆటకి తెలియనే తెలియదు.”

ఇక్కడితో ఆపితే ఆయన బావ ఎందుకవుతాడు? వేషాలన్నిటికీ తాళం కలవాలట. సూపర్ నింటెండో అనే పాత గేమ్ యంత్రంలో ప్రాసెసర్ వేగం 3.58 మెగాహెర్ట్జ్‌కి మించదు. దాన్ని లొసుగులతో సహా యథాతథంగా దించాలని పంతం పట్టిన బీఎస్‌నెస్ అనే ఎమ్యులేటర్‌కి సుమారు 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ కావలసి వచ్చింది. అంటే ఎనిమిది వందల రెట్లు పైమాట. అంత వేగం దేనికయ్యా అంటే, పాతదాని నత్తనడకని తప్పు పోకుండా నటించడానికి! “నటించడానికేనా లక్ష పోశారు?” అని మా అక్క వంటింట్లోంచే అందుకుంటుంది.

ఆయన ముందు నోరు జారకూడని మాట ఒకటుంది. మొన్న ఒక పెళ్లిలో అమెరికా నుంచి వచ్చిన కుర్రాడొకడు, పాపం, తన మ్యాక్‌లో విండోస్‌ని ‘ఎమ్యులేట్’ చేసుకుంటున్నానన్నాడు. బావ విస్తరి ముందు కూర్చున్నవాడల్లా తిరిగాడు. “ఏ మ్యాక్ బాబూ? ఇంటెల్‌దా, యాపిల్ సొంత చిప్పుదా? లోపలున్న విండోస్ ఆర్మ్‌దా? అయితే నువ్వు చేస్తున్నది వర్చువలైజేషన్. యాపిల్ చిప్పుదీ ఆర్మ్ జాతే కనక పని నేరుగా దానిచేతే చేయిస్తున్నావు. ఆ విండోస్‌లో మళ్లీ ఇంటెల్ ప్రోగ్రాం తెరిచావనుకో, అదీ ఎమ్యులేషన్!” పప్పు వడ్డించే వేళకి 1994 వచ్చింది, యాపిల్ వాళ్లు మోటరోలా చిప్పులొదిలి పవర్‌పీసీకి మారి పాత ప్రోగ్రాముల కోసం ఎమ్యులేటర్ పెట్టారు. సాంబారు దగ్గర 2006, ఇంటెల్‌కి మారి రొసెట్టా తెచ్చారు. పెరుగులోకి 2020, సొంత చిప్పుకి మారి రొసెట్టా 2. కుర్రాడు తాంబూలం కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు.

పాల్ ఆలెన్ కథ చెప్పేటప్పుడు మాత్రం బావ గొంతు బరువెక్కుతుంది. 1975లో ఆల్టెయిర్ అనే చిన్న కంప్యూటర్‌కి బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష రాసిస్తామని ఆలెన్, బిల్ గేట్స్ కలిసి దాన్ని తయారుచేసే కంపెనీకి మాటిచ్చేశారు. తీరా చూస్తే చేతిలో ఆల్టెయిర్ లేదు. అందులో ఉండే 8080 చిప్పు కూడా లేదు. హార్వర్డ్‌లో ఉన్న పీడీపీ-10 అనే పెద్ద మెషీన్ మీద 8080లా నడిచే ప్రోగ్రాం ఆలెన్ రాశాడు. బేసిక్ అంతా దాని మీదే తయారైంది. కాగితం టేపు పట్టుకుని ఆ కంపెనీ ఉన్న ఆల్బుకర్కీకి విమానమెక్కాక, ఆ టేపుని మెషీన్‌లోకి ఎక్కించే చిన్న ప్రోగ్రాం రాయలేదని గుర్తొచ్చి గాల్లోనే రాశాడు. అసలు మెషీన్ మీద ఆ బేసిక్‌ని నడిపింది అక్కడే. నడిచింది. “చూశావా, ఎమ్యులేటర్ లేకపోతే మైక్రోసాఫ్టే లేదు!” అని బావ ముగిస్తాడు. “వాళ్లు తర్వాత దాన్ని కట్టేసి నాలుగు డబ్బులు సంపాదించారు కదండీ” అని మా అక్క ముగిస్తుంది.

ఇంత చేసి ఆయన ఆ ఆటలేవైనా ఆడతాడా అంటే, అదే నా అసలు ఫిర్యాదు. ఆడడు. ఆడిస్తాడంతే. ప్రిన్స్ ఆఫ్ పర్షియానే తీసుకోండి. రాకుమారిని గంటలోగా విడిపించాలి, అదీ ఆట. మా బావకి ఆ గంటంతా సౌండ్ బ్లాస్టర్ అనే పాత సౌండ్ కార్డు సెట్టింగులకే పోతుంది. పోర్టు 220, ఐఆర్‌క్యూ 7, డీఎంఏ 1. గోత్రనామాలు పంతులుగారు అడిగితే తడబడతాడు గానీ ఈ అంకెలు నిద్రలో అడిగినా చెబుతాడు. చప్పుడు కుదిరాక వేగం పట్టుకుంటాడు. కంట్రోల్ ఎఫ్12 నొక్కితే వేగం పెరిగి రాకుమారుడు ఉరికి ఉరికి ముళ్లమీద పడతాడు. కంట్రోల్ ఎఫ్11 నొక్కితే వేగం తగ్గి ప్రతి గంతుకీ ఆలోచనలో పడతాడు. పైకీ కిందకీ నొక్కి నొక్కి, చివరికి అడుగుల చప్పుడు సరిగ్గా కలిసిన క్షణాన మొహం వెలిగిపోతుంది. “కుదిరింది” అంటాడు. వెంటనే మూసేస్తాడు. ఆ పిల్లని విడిపించిన పాపాన ఒక్కనాడూ పోలేదు.

మేనల్లుడు ఒకసారి ముచ్చటపడి కాంట్రా ఆడదామని కూర్చున్నాడు. వాడు తుపాకీ పట్టుకుని నాలుగడుగులు వేశాడో లేదో, “ఆగరా, ఫిల్టర్ మార్చాలి” అని కీబోర్డు లాక్కున్నాడు. ఏమిటా ఫిల్టర్? కొత్త 4కే తెరమీద బొమ్మ మరీ శుభ్రంగా ఉందట, పాత డబ్బా టీవీలో కనిపించే అడ్డగీతలు రావాలట. తెర కొనడానికి ఒక ఖర్చు, దాన్ని చెడగొట్టడానికి ఒక సాయంత్రం. పిల్లాడు ఫోన్ తీసుకుని గదిలోకి పోయాడు. ఆ సాయంత్రం గీతలు చూస్తూ నేనూ అక్కడే కూర్చున్నానని మా ఆవిడకి చెప్పకండి.

ధర్మాధర్మాల విషయంలో మనిషి మహా పట్టింపు. ప్లేస్టేషన్ ఆటల్ని మ్యాక్ మీద ఆడించినందుకు సోనీ వాళ్లు కనెక్టిక్స్ అనే కంపెనీ మీద కేసు వేస్తే, 2000లో అమెరికా అప్పీలు కోర్టు కనెక్టిక్స్ వైపే మొగ్గింది. మరుసటేడు సోనీయే ఆ ఎమ్యులేటర్ని కొనేసి మూలకి పెట్టింది. 2024లో యుజు అనే ఎమ్యులేటర్ వాళ్లు నింటెండోకి 24 లక్షల డాలర్లిచ్చి రాజీపడి దుకాణం కట్టేశారు. “ఎమ్యులేటర్ రాయడం తప్పు కాదురా, ఆటల్ని దొంగతనంగా దించుకోవడం తప్పు. నా దగ్గర అన్నిటికీ సొంత క్యాసెట్టుంది” అని బీరువాలోంచి పచ్చ క్యాసెట్టు తీసి చూపిస్తాడు. దానిమీద ‘9999 ఇన్ 1’ అని రాసుంటుంది. మన చిన్నప్పుడు బజార్లో దొరికిన టీవీ గేమే జపాన్ ఫామికామ్‌కి నకలు, ఆ క్యాసెట్టు దానికి తగ్గ దొంగసరుకు. నేను నోరెత్తలేదు. భోజనం ఇంకా వడ్డించలేదు మరి.

ఇంత తిట్టాక ఒక్కటి చెప్పకపోతే అన్యాయం. పోయిన శ్రావణమాసం ముంగిట, మా వీధి చివర శుభలేఖల ప్రెస్‌లో విండోస్ ఎక్స్‌పీ సిస్టం ఆగిపోయింది. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఏళ్ల తరబడి చేసుకున్న డిజైన్లన్నీ అందులోనే. కొత్త కంప్యూటర్లో ఆ ఫాంటు లేకుండా తెరిస్తే ‘చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి’ కాస్తా ఇంగ్లీషు అక్షరాల పిచ్చిగీతలైపోతుంది. రిపేరువాళ్లు మొత్తం తీసి కొత్తది పెట్టుకోమన్నారు. ముహూర్తాలు ఆగవు కదా. బావ ఆ హార్డ్‌డిస్క్ ఊడదీసి ఇంటికి తెచ్చాడు. తెల్లారేసరికి ఎక్స్‌పీ మొత్తం అలాగే, అదే పచ్చటి కొండ బొమ్మతో, కొత్త కంప్యూటర్లో ఒక కిటికీలో నిలబడింది. పేజ్‌మేకర్ తెరుచుకుంది, ఒత్తులు ఎక్కడివక్కడ ఉన్నాయి. అది ఎమ్యులేషన్ కాదు, వర్చువలైజేషనే అని ఆయనకి లోపల కాస్త నామోషీ. ప్రెస్సాయన ఆ తేడా పట్టించుకోకుండా కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ నెలంతా మా అక్క ‘మా వారు’ అనే మాట వీధికి వినబడేలా పలికింది. డబ్బు తీసుకోనన్న బావ, చచ్చిన ఆ పాత డబ్బా మాత్రం అడిగి తెచ్చుకున్నాడు. బాల్కనీలో తులసికుండీ పక్కన పెట్టాడు. దానిమీద ఇంకో రెండు డబ్బాలున్నాయి.

మీ అటకమీద పాత ఫ్లాపీలు, సీడీలు, ఎవరూ తెరవని హార్డ్‌డిస్కులు ఉంటే పాత సామాన్లవాడికి వెయ్యకండి. పాడవకముందే, చదివే డ్రైవు దొరుకుతుండగానే కాపీ తీసిపెట్టుకోండి. డాస్‌బాక్స్ ఉచితం, పైసా ఖర్చు లేదు. మీ వల్ల కాకపోతే మా బావని పిలవండి, కబురందగానే వాలిపోతాడు. సీపీయూ మాత్రం మీ ఇంట్లోనే ఉంచుకోండి. మా అక్క బాల్కనీలో ఇక జాగా లేదు.