డోలీ రంగం త్రైమాసిక పురోగతి

అరకులోయ ఆర్థిక వ్యవస్థకు పర్యాటకం, కాఫీ, డోలీ అని మూడు ఆధారాలు. మొదటి రెండింటి గురించి ప్రభుత్వ నివేదికల్లో కావలసినంత ఉంటుంది. మూడోదాని ఊసే ఉండదు. త్రైమాసిక లెక్కలు చూపించి రాష్ట్రం రెండంకెల వృద్ధి సాధించిందని ప్రభుత్వం చేసిన ప్రకటనలో అది లేదు. 'స్వర్ణాంధ్ర-2047' పేరుతో ఏటా 15 శాతం పెరగాలని పెట్టుకున్న లక్ష్యంలోనూ లేదు. వ్యవసాయం, పరిశ్రమలు, సేవలు అని మూడు గంపలు పెట్టుకుని కూర్చున్న గణాంక యంత్రాంగం, ఏ గంపలోనూ పట్టనిది ఒకటి కర్రకు వేలాడుతూ కొండ దిగుతోందని గమనించలేదు. ఆ లోటు పూడ్చడం కోసమే ఈ వివరణ.

డోలీ నిర్మాణానికి ముడిసరుకు మూడు రకాలు. రెండు నిలువుల గట్టి కర్ర, ఒక దుప్పటి లేదా పాత చీర, కాస్త తాడు. మూడూ స్థానికంగానే దొరుకుతాయి కనుక దిగుమతి భారం లేదు. దుప్పటి కొసలు రెండూ కర్రకు బిగించి కడితే మనిషి పట్టే ఊయల తయారవుతుంది. ముందొకరు, వెనకొకరు ఎత్తుకుంటారు. కర్ర ఒరుసుకుని భుజం కమిలిపోకుండా కింద తువ్వాలు మడిచి వేస్తారు. ఎక్కుడులో రోగి తల ముందుకు, దిగుడులో వెనక్కు ఉండేలా చూస్తారు. తిరగబడితే రోగి తల కిందికి వాలిపోతుంది. ఇది ఏ ఐటీఐలోనూ చెప్పే పాఠం కాదు. అనంతగిరి మండలం పినకోట, పెదకోట పంచాయతీల వైపు కొండల మీది గూడేల్లో మీసం మొలవని కుర్రవాడికి కూడా వచ్చు. నైపుణ్యాభివృద్ధి సంస్థ పైసా ఖర్చు పెట్టకుండా తయారైన నిపుణులు వీళ్లు.

ఇంత పెద్ద రంగం జీఎస్‌డీపీలోకి ఎందుకు రాలేదన్నది సాంకేతికమైన ప్రశ్న. జవాబు ఏ ఆర్థికశాస్త్ర పాఠ్యపుస్తకంలోనైనా మొదటి అధ్యాయంలోనే దొరుకుతుంది. డబ్బు చేతులు మారని సేవ లెక్కలోకి రాదు. శబరిమలలో డోలీకి రేటుంది, రసీదు ఉంది. కాబట్టి అయ్యప్ప భక్తుణ్ణి కొండెక్కించిన భుజం జాతీయాదాయంలో భాగం. అరకు కొండల్లో బావ నొప్పులు పడుతున్న మరదలిని, మేనల్లుడు జ్వరంతో మాట పడిపోయిన మామను మోస్తారు. బిల్లు అడిగే ఆచారం లేదు. అంచేత అదే కర్ర, అదే భుజం, అదే చెమట ఇక్కడ సున్నా.

సవరణ సులువు. ఒక డోలీకి ఎనిమిది మంది కావాలి. వంతులవారీగా మోసేవాళ్లు ఆరుగురు, ముందు నడుస్తూ సెల్‌ఫోను లైటు పట్టేవాడు ఒకడు, సిగ్నల్ అందే గుట్ట దాకా పరుగెత్తి 108కి ఫోన్ చేసేవాడు ఇంకొకడు. 2025-26లో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయల చొప్పున లెక్కగడితే డోలీ ఒక్కింటికి 2,456 రూపాయల విలువ జోడింపు. రాత్రి మోతకు ఓవర్‌టైమ్ కలపలేదు. ఒక పంచాయతీలో కిందటేడు ఇదే మూడు నెలల్లో నాలుగు డోలీలు దిగాయనీ, ఈసారి అయిదు దిగాయనీ అనుకుంటే వృద్ధి 25 శాతం. 15 శాతం లక్ష్యాన్ని అవలీలగా దాటిన రంగం మన్యంలోనే ఉండగా అమరావతిలో వెతుక్కోవడం ఎందుకు?

ప్రభుత్వం 2025 ఉగాదికి మొదలుపెట్టిన పీ4 (పబ్లిక్, ప్రైవేటు, ప్రజల భాగస్వామ్యం) పథకంలో పేదింటిని 'బంగారు కుటుంబం' అనాలి, చేయూతనిచ్చే కలవారిని 'మార్గదర్శి' అనాలి. ఆ నమూనా కొండల మీద ఏనాటి నుంచో అమల్లో ఉంది. డోలీలో ఉన్నది బంగారు కుటుంబం. ముందు లైటు పట్టుకుని రాళ్లు చూపిస్తున్నవాడు మార్గదర్శి. ప్రజల వాటా పూర్తిగా ఉంది, ప్రైవేటు వాటా తువ్వాలుతో సహా ఉంది. పబ్లిక్ వాటా ఎక్కడుందంటే రోడ్డు మొదలయ్యే చోట, ఇంజిన్ ఆపకుండా నిలబడి ఉంది.

డోలీ గిరాకీ కాలాన్నిబట్టి మారుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా గెడ్డలు ఇంకిపోయి నడక కాస్త తేలికవుతుంది, గిరాకీ మందం. జులై నుంచి సెప్టెంబరు దాకా అసలు సీజను. వానలకు గెడ్డలు పొంగుతాయి, మలేరియా, విషజ్వరాలు గూడేనికి గూడేన్ని పడుకోబెడతాయి, మట్టి దారి జారుడుబల్ల అవుతుంది. ఫీడర్ అంబులెన్సు పేరుతో తిరిగే బైకు కూడా ఆ బురద చూసి వెనక్కి తిరుగుతుంది. ఏ రంగానికైనా పోటీదారు తప్పుకుంటే మార్కెట్ వాటా పెరుగుతుంది. ఆర్థిక సంవత్సరం రెండో త్రైమాసికంలో డోలీ వాటా నూటికి నూరు.

అక్టోబరు వచ్చాక వలిసె పూస్తుంది. లోయంతా పసుపు ఆరబోసినట్టుంటే మైదానం నుంచి కార్లు ఘాట్ మీద బారులు తీరతాయి, చేలో నిలబడి ఫొటో దిగినందుకు రైతుకు పదో ఇరవయ్యో ముడుతుంది. కొండవాలుల్లో సిల్వర్ ఓక్ నీడన కాఫీ పండు ఎర్రబడుతుంది. 2017లో పారిస్‌లో దుకాణం తెరిచిన కాఫీ ఇది. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2025 మార్చిలో పార్లమెంటు ఆవరణలో స్టాలు కూడా పెట్టారు. కోసిన పండును ఆ రోజే పల్పింగ్ చేయాలి, ఆలస్యమైతే పులిసి రుచి చెడుతుందని శిక్షణ తరగతుల్లో పదేపదే చెబుతారు, సరైన మాటే. కాఫీ గింజ విషయంలో గంటల లెక్క ఎంత ముఖ్యమో అందరికీ తెలుసు. అదే వాలు మీద ఆ పండు కోసిన ఆడమనిషికి ఉమ్మనీరు పోతే ఎన్ని గంటల్లో దించాలన్నదానికి శిక్షణ తరగతి లేదు.

త్రైమాసికం అన్న మాటకు ఇక్కడ రెండు లెక్కలున్నాయి. సచివాలయం ఫైలులో ఏడాదికి నాలుగు. ఏఎన్‌ఎం రిజిస్టరులో కాన్పుకు మూడు. వలిసె పూసే రోజుల్లో నెల తప్పితే, నెలలు నిండేసరికి సరిగ్గా గెడ్డలు పొంగే కాలం వస్తుంది. అంటే కడుపులో మూడో త్రైమాసికమూ, ఖజానాలో రెండో త్రైమాసికమూ ఒకే డోలీలో ప్రయాణిస్తాయి. దీనికి విరుగుడుగా కాన్పు తేదీకి ముందే దించి ఉంచే గర్భిణుల వసతి గృహాలున్నాయి. మంచి ఏర్పాటే. ఇంటిదగ్గర మిగిలిన పిల్లల్నీ మేకల్నీ ఎవరు చూస్తారన్నది మాత్రం ఆ దరఖాస్తులో లేని గడి.

ఈ రంగానికి ఉన్న ముప్పు ఒక్కటే. రోడ్డు. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడులో 'అడవితల్లి బాట' మొదలైంది. వెయ్యి కోట్లకు పైగా మంజూరైంది, డోలీలు కనిపించని మన్యం తెస్తామన్నారు. డోలీ రంగం కొంత కలవరపడి ఉంటుంది. అయితే టెండరు, సర్వే, అటవీ అనుమతి, వాన, కాంట్రాక్టరు అనే అయిదంచెల రక్షణ కవచం చాలా గూడేల్లో ఇప్పటికీ చెక్కు చెదరలేదు.

రవాణా రంగాన్ని పీడించే మరో సమస్య ఖాళీ తిరుగు ప్రయాణం. సరుకు దించిన లారీ ఉత్తిగా వెనక్కొస్తే నష్టం. డోలీకి ఒక్కోసారి ఆ నష్టమూ ఉండదు. కిందికి దించిన మనిషే తిరుగు లోడు. ఆసుపత్రి వాహనం శవాన్ని రోడ్డు ఆగిపోయే చోట దించి వెళ్లిపోతుంది. అక్కడ మళ్లీ అదే కర్ర, అదే దుప్పటి, అదే ఎనిమిది మంది. ఈసారి తల ఏ వైపున ఉండాలన్న జాగ్రత్త అక్కర్లేదు. ఆ మోతను ఏ పద్దు కింద రాయాలి? సేవలా? పరిశ్రమా? రెండంకెల వృద్ధిలో ఆ శవానిది ఎన్నో దశాంశ స్థానం?

కొండ ప్రాంతం కాబట్టి రోడ్డు కష్టం అంటారు. 1960ల్లో ఇవే కొండలకు 58 సొరంగాలు తొలిచి కొత్తవలస నుంచి కిరండూల్ దాకా రైలు పట్టాలు పరిచారు. శిమిలిగుడ దగ్గర సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తుకు బ్రాడ్‌గేజ్ ఎక్కించారు. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవు చేరి జపాను ఓడలెక్కాలి కదా. ఇనుప రాయి ఒక్కనాడూ డోలీలో దిగలేదు. 2017 నుంచి అదే పట్టాల మీద అద్దాల పెట్టె నడుస్తోంది, పర్యాటకుడు మెడ తిప్పకుండా లోయ చూడటానికి. ఇక అటవీ చట్టం అడ్డు అంటారు. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్ రెండో ఉప సెక్షన్ ఇందుకే ఉంది. గ్రామసభ సిఫారసు చేస్తే, నరికే చెట్లు హెక్టారుకు 75కు మించకపోతే, హెక్టారు లోపు అటవీ భూమిని బడి, దవాఖానా, రోడ్డు వంటి పదమూడు అవసరాలకు ఇవ్వవచ్చని రాసి ఉంది. రాసి పందొమ్మిదేళ్లు దాటింది. కొండ అడ్డు రాలేదు, చట్టం అడ్డు రాలేదు. రోడ్డు లేని గూడెంలో ఉన్నవాళ్ల ఓట్లు ఒక బెంచీ మీద కూర్చోబెట్టి లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి, అదీ అడ్డు. నొప్పులు పడుతున్న మనిషిని దుప్పటిలో మూటగట్టి, దారిలో బండరాయి మీద కాన్పు చేసి, బొడ్డు కోయడానికి బ్లేడు కోసం వెతుక్కునే చోట వృద్ధిరేటు చదివి వినిపించడానికి సిగ్గుండాలి.

ఆ కొత్తవలస-కిరండూల్ లైను దాటి రావలసిన గూడేలు కొన్ని ఉన్నాయి. ఖనిజం నింపుకున్న గూడ్సు వస్తుంటే డోలీ దించి పట్టాల పక్కన ఆగాలి. వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి వెళ్తూనే ఉంటాయి. తువ్వాలు ఎడమ భుజం మీంచి కుడి భుజానికి మార్చుకోవడానికి ఆ సమయం సరిపోతుంది.