మైకెలాంజెలో కూడా ఎన్నారైయే

శంషాబాద్‌లో ఇల్లున్నవాళ్ళు వేరు, శంషాబాద్‌లో ఉండేవాళ్ళు వేరు. 2008 మార్చిలో విమానాలు బేగంపేట వదిలి ఇటు మళ్ళినప్పటి నుంచీ ఈ రెండు జాతులకూ ముఖపరిచయం తగ్గుతూ వస్తోంది. మొదటి జాతి డాలస్‌లోనో దుబాయ్‌లోనో ఉంటుంది. రెండోది ఇక్కడుండి మొదటి జాతి ప్లాట్లకు కాపలా కాస్తుంది. మా మండలంలో చాలా ఊళ్ళు 1996 నాటి 111 జీవో కిందికి వచ్చాయి. ఆ జీవోతో ఇల్లు కట్టడానికి సవాలక్ష అడ్డంకులు వచ్చాయి గానీ, భూమి కొనడానికి వెనకాడినవాణ్ణి నేనైతే చూడలేదు.

నేను రెండో జాతివాణ్ణి. జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా రిటైరయ్యాను కాబట్టి నాకిక పనేమీ లేదని జనం అనుకుంటారు. మా బామ్మర్ది ప్లాటు సంగతి వాళ్ళకు తెలియదు. వానాకాలం పిచ్చిచెట్లు కొట్టించాలి. ఎండాకాలం కడీలు ఎవరన్నా పీక్కుపోయారేమో చూడాలి. ఏడాదికోసారి ఈసీ తీయించాలి. ఆదివారం పొద్దున్నే ప్లాటు నడుమ నిలబడి వీడియో కాల్ చెయ్యాలి. న్యూజెర్సీలో అప్పుడు శనివారం రాత్రి. "బావా, జర ఎడమకు తిప్పు" అంటాడు వాడు. ఎడమకు తిప్పితే పక్కవాడి ప్లాటు కనిపిస్తుంది. కుడికి తిప్పితే మరొకడిది. పైకి తిప్పితే దిగుతున్న విమానం, దాని నిండా ప్లాట్ల ఓనర్లు.

ఆ బామ్మర్దే మమ్మల్ని ఇటలీ తీసుకెళ్ళాడు. "ఇన్నేండ్లు నా జాగ జూసినవు బావా, నీకు నచ్చిన జాగ నేను జూపిస్త" అన్నాడు. మైకెలాంజెలో ఉన్న ఇళ్ళు చూడాలన్నాను. బొమ్మలు చూద్దామంటే ఒప్పుకునేవాడో కాదో గానీ, ఇళ్ళనేసరికి వాడి కళ్ళు వెలిగాయి. ఎన్ని గజాలుంటుందని కూడా అడిగాడు.

శంషాబాద్‌లో ఉండి విదేశం వెళ్ళడంలో ఒక అన్యాయం ఉంది. కూకట్‌పల్లివాడూ మూడు గంటల ముందే రావాలి, మేమూ మూడు గంటల ముందే రావాలి. మా డాబా మీది నుంచి చూస్తే విమానం చక్రాలు కనిపిస్తాయి, అయినా రాయితీ లేదు. సాగనంపడానికి వచ్చిన బంధువులకు టిక్కెట్టు లేదని లోపలికి రానివ్వలేదు. వాళ్ళు గేటు బయటే నిలబడి, మేము అమెరికాకే పోతున్నామన్నంత గట్టిగా చెయ్యూపారు. బరువు తూచే చోట మా ఆవిడ మామిడికాయ తొక్కు సీసాను ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి మార్చింది. మార్చితే మొత్తం బరువు తగ్గుతుందని ఆమె నమ్మకం.

ముందు కప్రేజే వెళ్ళాం. టస్కనీ కొండల్లో ఒక చిన్న ఊరు. 1475 మార్చి 6న మైకెలాంజెలో అక్కడ పుట్టాడు. వాళ్ళ నాన్న లోదోవికోకు ఫ్లోరెన్స్ ప్రభుత్వం ఆర్నెల్ల కోసం ఇచ్చిన కొలువు అది, మన తహసీల్దారు పనిలాంటిది. గడువు తీరగానే పసివాణ్ణి చంకనేసుకుని వెళ్ళిపోయారు. అంటే ఆ మహాశిల్పి కప్రేజేలో చేసిన కృషి మొత్తం ఏడవడం, నిద్రపోవడం. పాలు తాగి పెరిగింది ఫ్లోరెన్స్ దగ్గరి సెత్తిన్యానోలో, రాళ్ళు చెక్కేవాళ్ళింట్లో. దాది పాలతోనే తనకు సుత్తీ ఉలీ అబ్బాయని పెద్దయ్యాక తన జీవితచరిత్ర రాసిన వసారి దగ్గర హాస్యమాడాడట. అయినా కప్రేజే ఊరుకోలేదు. తన పేరునే కప్రేజే మైకెలాంజెలో అని మార్చుకుంది. పొరుగున ఉన్న క్యూజీ కూడా ఆయన మావాడేనని చాలాకాలం పేచీ పెట్టింది. ఆయన పుట్టి 400 ఏళ్ళు నిండిన 1875లో, తండ్రి రాసుకున్న జనన వివరాల నకలు బయటపడి ఆ తగవు తీరింది. పోతన విషయంలో బమ్మెరకూ ఒంటిమిట్టకూ అలాంటి నకలేదీ దొరకలేదు కాబట్టి మన పండితులకు ఇప్పటికీ చేతినిండా పని ఉంది.

"మా నాయిన నౌకరీల ఉన్నప్పుడు నేను తాండూర్ల పుట్టిన. తాండూరుకు నా పేరు పెట్టిన్రా?" అన్నాడు మా వాడు. అక్కడి తహసీల్దారుకు అర్జీ పెట్టుకోమన్నాను.

ఫ్లోరెన్స్‌లో ఆయన కుర్రతనం గడిచిన ఇంటికి వియా బెంతకోర్ది అనే సందులో ఒక శిలాఫలకం ఉంది. పాత రోమన్ యాంఫీథియేటర్ పునాదుల మీద కట్టిన ఇళ్ళు కావడంతో సందు కూడా వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపు చూసి మా బామ్మర్ది వాస్తు గురించి చెప్పినవన్నీ ఇక్కడ రాయను. పదిహేనేళ్ళ వయసులో మైకెలాంజెలోను ఫ్లోరెన్స్‌ను శాసించే లొరెంజో దె మెదిచి తన భవనంలోనే పెట్టుకున్నాడు. తిండీ గదీ ఉచితం, నెలకు 5 డ్యూకట్ల జీతం. అంత మంచి చోటు ఆయనకు మళ్ళీ దొరకలేదు. 1492లో లొరెంజో పోవడంతో అదీ అయిపోయింది.

అసలు కథ వియా గిబెల్లీనాలో ఉంది. కాసా బువనరోతి, అంటే బువనరోతి వారిల్లు. ప్రపంచమంతా టిక్కెట్టు కొని చూసే మైకెలాంజెలో ఇల్లు ఇదే. 1508లో ఆయన ఇక్కడ ఇళ్ళు కొన్నాడు. అదే ఏడాది పోపు రెండో జూలియస్ ఆయన్ను రోమ్‌లో సిస్టైన్ చాపెల్ కప్పు కిందికి ఎక్కించాడు. నాలుగేళ్ళు పరంజా మీద మెడ విరుచుకుని బొమ్మలు వేశాడు. తర్వాత కొన్నేళ్ళు ఫ్లోరెన్స్‌లో ఉన్నాడు గానీ, 1534లో వెళ్ళినవాడు మరి బతికుండగా తిరిగి రాలేదు. ఫ్లోరెన్స్ ప్రభువు కోసిమో రమ్మని ఎన్ని కబుర్లు పెట్టినా, ఇదిగో ఈ పని అయిపోనీయండి అనే జవాబు. ఏళ్ళ తరబడి అదే జవాబు. ఆ మాట చదివి నేను మా బామ్మర్ది వంక చూశాను. వాడు కిటికీలోంచి వీధి వెడల్పు చూస్తున్నాడు.

రాకపోయినా డబ్బు మాత్రం పంపాడు. ఫ్లోరెన్స్‌లో శాంతా మరియా నువోవా ఆసుపత్రే అప్పట్లో ఆయనకు బ్యాంకు. ఒకసారి అందులోంచి వాళ్ళ నాన్న చెప్పాపెట్టకుండా తీసి వాడుకుంటే కొడుక్కి ఒళ్ళు మండింది. సెత్తిన్యానో చుట్టుపక్కల పొలాలు కొనిపించాడు. తమ్ముడి కొడుకు లియొనార్దోకు రాసిన ఉత్తరాలలో ఊళ్ళో మర్యాదైన ఇల్లు చూడమని మళ్ళీ మళ్ళీ పోరాడు. పొలం కంటే ఊళ్ళో ఇల్లు గౌరవమట, పదిమందికీ కనబడుతుందట. తమది కనోస్సా ప్రభువుల వంశమని ఆయన గట్టి నమ్మకం. చరిత్రకారులు ఆ నమ్మకాన్ని ఒప్పుకోరు. వంశమేదైనా ఎలివేషన్ ముఖ్యమన్న సంగతి మాత్రం ఆయనకు అప్పుడే తెలుసు.

ఆ లియొనార్దో మీద నాకు చెప్పలేనంత సానుభూతి కలిగింది. పాపం, నాబోటి రెండో జాతివాడు. పెద్దనాన్నకు ఫ్లోరెన్స్ నుంచి ద్రాక్షసారా, చీజు, పళ్ళు పంపేవాడు. ఒకసారి 86 పియర్ పళ్ళు చేరితే పెద్దాయన 33 పోపుగారికి ఇచ్చి, ఆయనకు చాలా నచ్చాయని రాశాడు. ఆ ఉత్తరం ఊళ్ళో ఎంతమందికి చూపించి ఉంటాడో! అదే లియొనార్దో ఇంకోసారి మూడు చొక్కాలు పంపితే, ఇంత ముతకవి ఇక్కడి రైతు కూడా సిగ్గుపడి తొడుక్కోడని తిట్లు వచ్చాయి. నేను పంపిన పోచంపల్లి చొక్కా గురించి మా బామ్మర్ది ఇంతవరకు ఒక్క మాట అనలేదు, ఎప్పుడూ తొడుక్కోగా కూడా చూడలేదు. 1544లో పెద్దనాన్నకు జబ్బు చేసిందని విని లియొనార్దో రోమ్‌కు పరిగెత్తాడు. నన్ను చూడ్డానికి కాదు, నేనేం మిగిల్చి పోతున్నానో చూడ్డానికి వచ్చావని ఆయన మొహం మీదే తలుపేసినంత పని చేశాడు. పెళ్ళి విషయంలోనూ ఉత్తరాల మీద ఉత్తరాలు. కట్నం చూడకు, మంచి కుటుంబం చూడు, ఆరోగ్యం చూడు అని. ఆ కుర్రవాడికి 1553లో గానీ మూడు ముళ్ళు పడలేదు.

"గాయన జేసుకున్నడా పెండ్లి?" అని అడిగింది మా ఆవిడ.

చేసుకోలేదన్నాను.

"మరింకేం, సలహాలకేం తక్కువ" అంది. మైకెలాంజెలో మీద ఇన్ని పుస్తకాలు వచ్చాయి గానీ, ఇంత సూటి మాట నేను వాటిలో చూడలేదు.

ఇంత చేసీ ఆ ఇంటిని ఇంద్రభవనంగా మార్చింది ఆయన కాదు. లియొనార్దో కొడుకు, పెద్దాయన పేరే పెట్టుకున్న చిన్న మైకెలాంజెలో, ఆ పని చేశాడు. 17వ శతాబ్దంలో ఒక పెద్ద గది గోడలూ కప్పూ నిండా తాత అన్న కథే బొమ్మలుగా వేయించాడు. ఇక్కడ పోపుగారి ఎదుట, అక్కడ రాజదూతల మధ్య. ఆయన బతికున్నప్పుడు ఆ గదిలో ఒక్క రోజు కూర్చోలేదు, ఇప్పుడు దిగడానికే వీల్లేకుండా గోడెక్కి ఉన్నాడు. కప్పు మీద ఒక బొమ్మ ఆర్టెమీసియా జెంటిలెస్కి అనే చిత్రకారిణి వేసింది. ఆమె వేసింది దిగంబర స్త్రీని. తర్వాతి తరం బువనరోతికి ఇంట్లో ఆడవాళ్ళు తిరుగుతారన్న ఇబ్బంది పుట్టి, వేరే చిత్రకారుణ్ణి పిలిపించి ఆ బొమ్మకు బట్ట కప్పించాడు. ఈ పనిలో మన సెన్సారువాళ్ళకు అంత పాత గురువులున్నారని నాకు తెలియదు.

ఇంకో గదిలో చెక్కతో చేసిన పెద్ద నమూనా ఒకటి ఉంది, శాన్ లొరెంజో చర్చి ముఖభాగానిది. పోపు పదో లియో కట్టమన్నాడు. మైకెలాంజెలో ఏళ్ళ తరబడి కొండల్లో పాలరాయి తవ్వించాడు. 1520లో ఒప్పందం రద్దయింది. ఆ చర్చి ముందు గోడ ఇప్పటికీ వట్టి రాయే. నమూనా మాత్రం నిగనిగలాడుతోంది. శంషాబాద్ చుట్టూ వెంచర్లు వేసేవాళ్ళ ఆఫీసుల్లో అద్దాల పెట్టెల్లో ఇలాంటివి చాలా చూశాను. క్లబ్బు హౌసు, ఈతకొలను, పచ్చటి స్పాంజి చెట్లు. దాని ముందు మా బామ్మర్ది చాలాసేపు నిలబడ్డాడు. వాడు కొన్న వెంచర్ బ్రోచర్లో కూడా ఒక ఈతకొలను ఉంది. వానాకాలంలో నిజంగానే నిండుతుంది.

ఇక ఆయన నిజంగా బతికిన ఇల్లు రోమ్‌లో, మాచెల్ దె కోర్వి అనే చోట. జూలియస్ పోపు సమాధి చెక్కడం కోసం పోపు వారసులు ఇచ్చిన ఇల్లది. 1513 నుంచి, మధ్యలో వచ్చిపోతూ, చివరికి పోయేదాకా అదే ఆయన కొంప. గుమ్మం ముందే ఊరివాళ్ళంతా ఒంటికీ రెంటికీ కూర్చుంటారని తానే ఒక వేళాకోళం పద్యంలో రాసుకున్నాడు. గోడ మీద దేవుడి పటం పెడితే జనం కూర్చోరన్న చిట్కా ప్రపంచంలోకెల్లా గొప్ప దేవుడి బొమ్మలు వేసినవాడికి తట్టకపోవడం విడ్డూరమే. బూట్లు నెలల తరబడి విప్పేవాడు కాదని, విప్పితే చర్మం కూడా ఊడి వచ్చేదని వసారి రాశాడు. స్నానం చేయకు, ఒళ్ళు తుడిపించుకుంటే చాలని వాళ్ళ నాన్న ఎప్పుడో ఉత్తరం రాశాడు. ఆ కొడుకు జవదాటని పితృవాక్యం బహుశా అదొక్కటే. పోయిన మర్నాడు అధికారులు వచ్చి సామాను లెక్క రాస్తే కొద్దిపాటి బట్టలు, ఒక పెట్టెలో 8 వేలకు పైగా బంగారు నాణేలు తేలాయి.

ఆ ఇంటి కోసం పియాజ్జా వెనేజియా అంతా తిరిగాం. ఇల్లు లేదు. 20వ శతాబ్దం మొదట్లో ఆ కూడలిని విశాలం చేయడానికి పడగొట్టేశారు. అక్కడొక ఇన్సూరెన్సు కంపెనీ భవనం ఉంది, దాని గోడకు ఒక ఫలకం. దివ్యుడైన మైకెలాంజెలో నివాసంతో, మరణంతో పునీతమైన ఇల్లు ఇక్కడ ఉండేదని దాని సారాంశం. పునీతమైనదానికే రోడ్డు వెడల్పులో పూర్తి నష్టం అయితే మనవి ఎంత! జానికులం కొండ మీద మైకెలాంజెలో ఇల్లనే పేరుతో ఇంకో ముఖద్వారం ఉందంటే ఆశగా వెళ్ళాం. వేరే చోట పడగొట్టిన పాత ఇంటి ముందు గోడను తెచ్చి 1941లో అక్కడ మళ్ళీ నిలబెట్టారు. తలుపుంది, కిటికీలున్నాయి. వెనక్కి వెళ్ళి చూస్తే వాటర్ ట్యాంకు.

"క్లియర్ టైటిల్ ఉన్న ఇల్లు ఒక్కటి గూడ లేదా బావా ఈ మనిషికి?" అన్నాడు బామ్మర్ది, నిజంగా బాధపడుతూ.

ఉంది. 1564 ఫిబ్రవరి 18న, 89 నిండడానికి కొద్ది రోజుల ముందు ఆయన రోమ్‌లో పోయాడు. రోమ్‌వాళ్ళు అక్కడే ఉంచుకుందామనుకున్నారు. లియొనార్దో వచ్చి, శవాన్ని సరుకు మూటలా కట్టించి గుట్టుగా ఫ్లోరెన్స్‌కు తరలించాడు. శాంతా క్రోచే చర్చిలో సమాధి చేశారు. తాను కొన్న వియా గిబెల్లీనా ఇంటికి అక్కడి నుంచి నాలుగడుగులు. గల్ఫ్ నుంచి వచ్చే పెట్టె కోసం జగిత్యాల, నిజామాబాద్ వాళ్ళు మా ఎయిర్‌పోర్టు కార్గో గేటు దగ్గర నిలబడి ఉండటం నేను చాలాసార్లు చూశాను, మా బామ్మర్దీ చూశాడు. కాబట్టి ఈ సంగతి మీద మేమిద్దరం హాస్యాలాడుకోలేదు.

తిరుగు ప్రయాణంలో వాడు ఉన్నట్టుండి, "ప్లాట్ల ఇల్లు గడ్త బావా" అన్నాడు. కట్టమన్నాను. "కడితే ఎవరుంటరు?" అన్నాడు. "మేముంటం, కిరాయి మాత్రం అడగకు" అంది వాళ్ళక్క. అంతటితో ఆ ప్రతిపాదన వాయిదా పడింది.

ఫ్లోరెన్స్ వెళ్ళేవాళ్ళకు ఒక మాట. డేవిడ్ విగ్రహం దగ్గర క్యూ చాంతాడంత ఉంటుంది, అయినా నిలబడండి. ఆ తర్వాత వియా గిబెల్లీనా 70వ నంబరుకు వెళ్ళండి. మెట్ల మీది మేరీమాత, సెంటార్ల యుద్ధం అని రెండు పాలరాతి పలకలు అక్కడున్నాయి. రెండూ ఆయన ఇరవై ఏళ్ళు నిండకముందు చెక్కినవే, అప్పటికి ఆయనకు ఎక్కడా గజం నేల లేదు. ఇల్లు ఎవరిదైనా, ఆ రెండింటి కోసం టిక్కెట్టు కొనొచ్చు.