చెవిన పడినా వినలేదు

నా కారు ఇంజన్‌ని పాడు చేసుకున్నది నేనే. ఆయిల్ మంచిది కాదనీ, మా గూడూరు ఎండలే అంతనీ అడిగినవాళ్లందరికీ చెప్పాను. అవేవీ నిజం కాదు. ఇది చదివి ఒక్కరైనా బానెట్ ఎత్తి ఆయిల్ గేజ్ బయటికి లాగి చూస్తారేమోనని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నెల్లూరు నుంచి వస్తూ హైవే దిగి ఊళ్లోకి మళ్లగానే, ఇంజన్ అడుగు నుంచి టక్ టక్ మని వినపడేది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఉండేది కాదు. బండి వేడెక్కాకే వచ్చేది. ఆక్సిలరేటర్ తొక్కితే గట్టిపడేది. జబ్బేమిటో ఈ మూడు గుర్తులే చెబుతున్నాయి. నేను మాత్రం ట్యాపెట్ల సౌండ్ అని తేల్చేశాను. ఎందుకంటే ట్యాపెట్ సెట్టింగ్ చిన్న పని, పూటలో బండి చేతికొస్తుంది. తక్కువ ఖర్చయ్యే జబ్బును ముందే ఎంచుకుని, చప్పుడుని దానికి సర్దిపెట్టాను.

నిజానికి ఆ రెండు చప్పుళ్లకీ పోలికే లేదు. క్రాంక్ 2 చుట్లు తిరిగితే వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్ తిరిగేది ఒక్క చుట్టే. అందుకే ట్యాపెట్ల మోత సన్నగా, ఇంజన్ పైభాగం నుంచి, క్రాంక్ వేగంలో సగం లెక్కన వస్తుంది. కనెక్టింగ్ రాడ్డు బేరింగ్ అరిగితే దెబ్బ బరువుగా, అడుగు నుంచి, క్రాంక్ తిరిగే వేగంతో పాటే పడుతుంది. వేడికి ఆయిల్ పలచబడేకొద్దీ అది పెరుగుతుంది.

నిమ్మకాయల మార్కెట్ దగ్గర బండి ఆన్‌లో ఉంచి నిలబడితే, లోడు కోసం కాచుకున్న ఒక లారీ డ్రైవర్ దగ్గరికొచ్చాడు. "సార్, మీ బండి కింద కొడతా ఉండాది. తోలమాకండి, చూపిచ్చుకోండి" అన్నాడు. సరేనన్నాను. లారీ ఇంజన్ వేరు, పెట్రోల్ కారు వేరు అని మనసులో కొట్టిపారేసి ఇంటికొచ్చాను. రోజంతా ఇంజన్ చప్పుడు వింటూ బతికే మనిషి మాటకు ఆ మాత్రం విలువ ఇవ్వకపోయాను.

ఆ తర్వాత సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఎర్ర ఆయిల్ దీపం మిణుక్కుమనేది. సెన్సర్ వైరు లూజనుకున్నాను. ఆ దీపం చెప్పేది ఆయిల్ ఎంత ఉందన్నది కాదు, ప్రెషర్ పడిపోయిందని. 3000 ఆర్పీఎమ్ దగ్గర క్రాంక్ సెకనుకు 50 చుట్లు తిరుగుతుంది. దానికీ బేరింగ్‌కీ మధ్య వెంట్రుక మందం కూడా లేని సందులో ఆయిల్ పొర నిలబడాలి. ఆ పొర తెగితే లోహమూ లోహమూ రాసుకోవడమే. దీపం వెలిగిందంటే అక్కడికక్కడే ఇంజన్ ఆపాలి.

చివరికి మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. డాక్టర్ దగ్గర నొప్పి చెప్పకుండా మందు పేరు చెప్పినట్టు, "ట్యాపెట్లు సెట్ చెయ్యి" అన్నాను. దీపం సంగతీ, వేడెక్కాక వచ్చే చప్పుడు సంగతీ దాచాను. చెబితే ఇంజన్ దించాలంటాడని భయం. అడిగిన పని అతను చేసిపెట్టాడు. నాయుడుపేట దారిలో ఇంజన్ పట్టేసింది.

ఇంజన్ కింది ఆయిల్ సంపు దించినప్పుడు పక్కనే నిలబడ్డాను. అడుగున మిగిలిన కాస్త నల్లటి ఆయిల్లో రాగి రంగు రజను మెరుస్తోంది. మేస్త్రీ బేరింగ్ షెల్ తీసి నా అరచేతిలో పెట్టాడు. రేకులా పలచబడి, ఒక అంచు నల్లగా కమిలిపోయింది. "వేడి మీదనే వస్తాండిందా సార్?" అని అడిగాడు. అవునన్నాను. "ఆ మాట ఆరోజే చెప్పుంటే షెల్స్‌తో పోయేది గదా" అన్నాడు. క్రాంక్ గ్రైండింగ్‌కి లేత్‌కి పోయింది. పిస్టన్లూ మార్చాల్సి వచ్చింది.

ఇప్పుడు కొత్త చప్పుడేదైనా వస్తే అద్దాలు దించి, ప్రహరీ గోడ పక్కగా నెమ్మదిగా తోలుతాను. గోడకు తగిలి మోత తేటగా వినపడుతుంది. చల్లగా ఉన్నప్పుడా, వేడి మీదా, నిలబడితేనా, గేరులోనా, దీపం వెలిగిందా, లేదా అని గమనించి అంతవరకే మేస్త్రీకి చెబుతాను. జబ్బు పేరు అతనే చెప్పాలి. ఎంత ఖర్చవుతుందన్న లెక్క ఆ తర్వాతే.